రాజుల కథలో మంత్రగత్తె

1974 అక్టోబర్ 30 తెల్లవారుజామున కిన్షాసాలో ముహమ్మద్ అలీ జార్జ్ ఫోర్‌మన్‌ని ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టాడు. ఆ హెవీవెయిట్ పోటీ మీద లియోన్ గాస్ట్ తీసిన ‘వెన్ వి వర్ కింగ్స్’ డాక్యుమెంటరీ 1996లో వచ్చింది, ఆస్కార్ గెలిచింది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు 1967లో టైటిల్ పోగొట్టుకున్న మనిషి దాన్ని మళ్లీ గెలుచుకోవడం ఎవరినైనా కదిలిస్తుంది. ఒక్కో బాక్సర్‌కి 50 లక్షల డాలర్ల పోటీ వెనక నియంత మొబుటు ఉన్నాడన్న సంగతిని కూడా సినిమా దాచదు. నా పేచీ వేరే చోట ఉంది.

వణికే చేతుల స్త్రీ ఒకతె ఫోర్‌మన్‌ని ఆవహించి అతని శక్తిని పీల్చేస్తుందని ఒక మంత్రగాడు జోస్యం చెప్పాడట. రచయిత జార్జ్ ప్లింప్టన్ ఈ ముచ్చట చెబుతుంటే తెర మీద కనిపించేది గాయని మిరియం మకేబా.

శాలిబండలో మా గల్లీ ఆడవాళ్లం నలుగురం కలిసి ఈ సినిమా చూశాం. అందులో ఒక ఖాలా తాలీంఖానాలో కుస్తీ పట్టే అన్నదమ్ముల మధ్య పెరిగింది. గెలుపోటముల లెక్క ఆమెకి బాగా తెలుసు. “కొట్టినోడు అలీ. ఈమెనెందుకు దయ్యం చేసిన్రు బేటీ?” అని అడిగింది.

ఎందుకు? మకేబా పాస్‌పోర్ట్‌ని దక్షిణాఫ్రికా 1960లో రద్దు చేసింది. 1963లో ఆమె ఐక్యరాజ్యసమితిలో వర్ణవివక్షకి వ్యతిరేకంగా మాట్లాడింది. 1968లో నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టోక్లీ కార్మైకేల్‌ని పెళ్లి చేసుకున్నాక అమెరికాలో ఆమె కచేరీలు రద్దయిపోయాయి. నమ్మినదాని కోసం అలీ ఎలా నష్టపోయాడో ఆమె కూడా అలాగే నష్టపోయింది. అతని త్యాగం సినిమాకి వెన్నెముక అయింది. ఆమెది ప్రస్తావనకి కూడా రాలేదు. ఆమె గొంతూ ముఖమూ మాత్రం మాయకి బొమ్మగా పనికొచ్చాయి.

ఇది ఎడిటింగ్‌లో చేసిన చిన్న చమత్కారమే కదా, ఎవరికీ దురుద్దేశం లేదు కదా అనొచ్చు. కానీ ఉద్దేశం లేకుండానే చేతికి అందివచ్చిన పోలిక మరీ ప్రమాదకరం. అది అంత సహజంగా అందివచ్చిందంటే అప్పటికే మన తలల్లో ఉన్నట్టే. చేతబడి అనుమానంతో ఆడవాళ్లని చంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుంచి వస్తూనే ఉన్న కాలంలో దాన్ని ఉత్త అలంకారమని వదిలేయలేం.

ఇప్పుడు ఆడవాళ్లు కూడా రింగులో ఉన్నారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ గెలుపు చూసి గర్వపడతాం. అయితే రింగు బయట నిలబడి పోరాడినవాళ్ల కథ ఎవరు చెప్పాలన్న ప్రశ్న దానితో తీరదు. ఈ సినిమాని మనం పిల్లలకి చూపించాల్సిందే. కాకపోతే మకేబా ఎవరో ముందు చెప్పి, ఆ తర్వాత చూపిద్దాం.