అర్హత యను మాట

ప్రతి సంవత్సరము జూను మాసమున మా వీధిలో మిఠాయి పంపకము జరుగును. వైద్యకళాశాలలలో ప్రవేశమునకై దేశమంతటికిని ఒక్కటిగా జరుగు నీట్ పరీక్ష ఫలితములు వెలువడిన మరునాడు, "మావాడు క్వాలిఫై అయ్యాడండీ" అని తలిదండ్రులు ఇంటింటికి వచ్చి చెప్పుదురు. క్వాలిఫై యనగా అర్హుడైనాడని గదా. దేనికి అర్హుడైనాడని అడుగుట మర్యాద గాదు గనుక ఎవ్వరును అడుగరు. శుభమని పలికి, లడ్డు నోటిలో వేసికొని, లోనికి పోవుదుము. చదువు చెప్పి బ్రతుకు నేనును అట్లే చేయుచు వచ్చితిని. అది మర్యాదయా, అసత్యమా యని నాకు సందేహము కలిగి కొన్ని యేండ్లయినది. ఆ సందేహమునే చదువరుల యెదుట పెట్టుచున్నాను.

మొదట లెక్క చూతము. 2025వ సంవత్సరము మే నెల 4వ తేదీని జరిగిన పరీక్షను 22,09,318 మంది వ్రాసిరి. వారిలో 12,36,531 మంది అర్హులని ప్రకటింపబడిరి. 2024-25లో దేశమునందలి ఎం.బి.బి.ఎస్. సీట్లన్నియు కలిసి సుమారు 1,18,000. 2014కు ముందు ఇవి 51,000 మాత్రమే యుండెను గాన ప్రభుత్వము ఊరకున్నదని చెప్పరాదు. ఐనను అర్హులు పదిమంది యుండగా పీట యొక్కటియే. ఇంతమంది అర్హు లెట్లయిరి? ఇచ్చట అర్హత యనునది విద్యకు కొలత గాదు, వరుసలో నిలిచిన చోటునకు కొలత. సామాన్యవర్గమువారికి, వ్రాసినవారిలో సగముమందికి పైన నిలిచిన చాలును. రిజర్వేషను వర్గములవారికి గీత ఇంకను క్రింద నుండును. ఆ యేడు సగముగీత 720 మార్కులలో 144 కడ పడినది. ఐదింట నొకవంతు మార్కులు తెచ్చుకొన్న బాలుడు అర్హుడని కాగితము చేత పట్టుకొని ఇంటికి వచ్చును. పాఠశాలలో ఆ మార్కులకు మేము వానిని బల్లయెక్కి నిలువుమందుము.

గీత ఇంత క్రిందుగా గీయుటవలన లాభమెవరికి? సీట్లలో ఇంచుమించు సగము ప్రైవేటు కళాశాలలవి. మన రెండు రాష్ట్రములలో విజయవాడయందలి ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమును, వరంగల్లునందలి కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమును కన్వీనరు సీట్లను వేరుగను, మేనేజిమెంటు సీట్లను వేరుగను పంచుచుండును. ఈ రెండవ జాతి సీటుకు ఏటేట లక్షలు కట్టవలెను. కట్టగలవారికి క్రింది ర్యాంకైనను సీటు దొరకును. వానికన్న నూరు మార్కులెక్కువ తెచ్చుకొన్న పేదవాడు ఇంటనుండును. ఇద్దరి కాగితముల మీదను అర్హుడను మాట యొక్కటియే. ఈ అన్యాయమును గూర్చి వ్రాయవలసినది చాల కలదు. కాని నా ప్రశ్న అది గాదు. అన్యాయమైనదో న్యాయమైనదో, ఉన్న ద్వారము ముందర నిలిచిన పిల్లవానికి నేను చెప్పవలసిన దేమి?

నేను చేసిన తప్పొకటి చెప్పెదను. మా పాఠశాలలో చదివి ఇంటర్మీడియెటులో బైపీసీ తీసికొన్న యొక రైతుబిడ్డ కలడు. బుద్ధిమంతుడు, ఓర్పుగలవాడు. మొదటిమారు 310 మార్కులు వచ్చినవి. తండ్రి అరయెకరము అమ్మి లాంగ్‌టర్మ్ కోచింగులో చేర్చెను. రెండవమారు 372. సీటు రాలేదు. అప్పుడు నాయొద్దకు వచ్చి, "ఇంకొక్కసారి రాయమంటారా మాస్టారూ?" అని యడిగెను. నేను, "రాయి నాయనా, ప్రయత్నిస్తే పోయేదేముంది?" అంటిని. పోవునది నాది గాదు గనుక ఆ మాట యంత సులభముగా వచ్చినది. పోయినది వాని యొక యేడును, తండ్రి మిగిలిన అరయెకరమును. మూడవమారు 365 వచ్చినవి. ఆ యేడు వాడు మిఠాయి తేలేదు, నాకు కనబడనులేదు.

వాని జాతకము నేనెరుగక చెప్పితినా? ఎరుగుదును. వాని కులవర్గమునకు, వాని ప్రాంతమునకు క్రిందటి యేడు కన్వీనరు సీటు ఏ ర్యాంకుతో ముగిసినదో విశ్వవిద్యాలయము ప్రకటించును. దాని ప్రక్కన వాని మార్కులు పెట్టి చూచుటకు అరగంట పట్టును. నేనా యరగంట వెచ్చింపలేదు. చూచినచో చెప్పవలసి వచ్చునని భయపడితినని ఇప్పుడు తోచుచున్నది.

మాతో లెక్కలు చెప్పు మిత్రుడొకరు దీని నొప్పుకొనరు. "పిల్లవాని ఆశ చంపుటకు మీకేమి అధికారమండీ? రేపు వాడు నెగ్గితే?" అని వారి ప్రశ్న. ప్రశ్న తేలికయైనది గాదు. సత్యమును ప్రియమును విరోధించినప్పుడు ఏది పలుకవలెనను చర్చ మన ధర్మశాస్త్రములయంత పాతది. పదింట నొక్కరికే సీటన్న లెక్క పదిమందిని గూర్చి చెప్పునే కాని, ఎదుట నిలిచిన యొక్కనిని గూర్చి చెప్పదు. 540 తెచ్చుకొనుచు అనారోగ్యముచేత ఒక యేడు జారినవాడును, మూడేండ్లుగా 370 దాటనివాడును ఆ లెక్కలో ఒక్కటియే. కావుననే లెక్క చెప్పి యూరకుండుట చాలదు. వానిది వానికి చూపవలెను. మూడు గంటలలో 180 ప్రశ్నలు, తప్పునకు ఒక మార్కు కోత: ఈ నియమముతో ఇంట నొంటరిగా కూర్చుండి వ్రాసిన కాగితములు పదియైనను ముందర పరచుకొని, పెరుగుదల కలదా లేదా యని ఇద్దరమును చూడవలెను. పెరుగుదల కలదేని మరియొక యేడు వ్యర్థము గాదు. లేనిచో మూడవ యేడు వ్రాయుమనుట నా మతమున పాపమే. తీర్పు మాత్రము వానిదే. మిత్రునకు నా సమాధానమింతే: నేను చంపునది ఆశను గాదు, అజ్ఞానమును. వారికిది తృప్తి కలిగింపలేదు.

ఇంకొక సంగతి. పూర్వము ఇట్టి పరీక్షలకు వయస్సే హద్దు పెట్టెడిది. నీట్ పరీక్షకు పైవయస్సు పరిమితి 2022లో తొలగింపబడినది; ఎన్నిమార్లైనను వ్రాయవచ్చును. ఆలస్యముగా కన్ను తెరచినవారికిది మేలే. కాని ఎన్నడును మూయబడని తలుపు ముందర, ఇక చాలునని చెప్పువారొకరుండవలెను. శాసనము చెప్పదు. కోచింగువారు చెప్పరు, వారి జీవనము ఇంకొకసారి యను మాటమీదనే నడచుచున్నది. మిగిలినది తలిదండ్రులును, మేమును.

విదేశమునకు పంపువారును కలరు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వచ్చి వేలకొలది మన విద్యార్థులు చదువు నడుమ తిరిగి వచ్చుట చూచితిమి. యుద్ధము లేకున్నను, అచ్చట చదివి వచ్చినవారు ఇచ్చట మరల 300 ప్రశ్నల పరీక్షలో 150 సరిగా వ్రాయవలెను. వ్రాసినవారిలో నెగ్గినవారు మూడవవంతునకు మించుట అరుదు. ఏజెంటు ఇంటికి వచ్చినప్పుడు ఈ మాట ముందడుగవలెను.

ఇక ఇతర మార్గములు. పిల్లవాని నడిగిన, రోగులకు సేవ చేయుటకే డాక్టరగుదునని అప్పగించిన పాఠమువలె చెప్పును. అది నిజమేని నర్సింగు కలదు, ఫిజియోథెరపీ కలదు, ఔషధశాస్త్రము కలదు. ల్యాబు, ఎక్స్‌రే, డయాలిసిస్ మొదలగు వృత్తులకు 2021లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసినది. శాస్త్రము మీద మక్కువయేని తిరుపతియందలి ఐసరు ద్వారమున్నది. కాని ఇవన్నియు డాక్టరు పనితో సమానమని నేను చెప్పను. జీతములో, పెండ్లిచూపులలో, వీధిలో పిలుపులో భేదము కలదు. ప్రైవేటు ఆసుపత్రులలో అనేకమంది నర్సుల కిచ్చు జీతము సిగ్గుపడదగినది. భేదము లేదనుట మరియొక మిఠాయి. మన మనస్సులోని భేదము సగము తగ్గినచో జీతములోని భేదముపై నోరెత్తుటకైనను మనకు ధైర్యము వచ్చును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదివియు ఎం.బి.బి.ఎస్. పట్టము పొందక, దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్.తో బయటికి వచ్చెను. పిదప అమెరికాకు పోయి పరిశోధనాలయమునకే జీవిత మర్పించెను. బోదకాలు వ్యాధికి మన కోస్తా జిల్లాలలో నేటికిని మ్రింగించు మాత్ర ఆయన బృందము కృషి ఫలమే. ఈ కథ చెప్పి, ఓడినవారందరు సుబ్బారావులగుదురని పిల్లలను మభ్యపెట్టకుడు, అదియు అబద్ధమే. చికిత్స యనునది మంచముప్రక్క నిలిచి నాడి పట్టుట యొక్కటియే గాదనుటకు మాత్రము ఈ సాక్ష్యము చాలును.

పోయిన యేడు మా మేనమామకు మూత్రపిండములు చెడి, వారమునకు మూడుమారులు డయాలిసిస్‌కు కొనిపోవలసి వచ్చెను. మొదటినాడు సూది గ్రుచ్చుటకు వచ్చినవాడు నన్ను చూచి "మాస్టారూ" అనెను. ఆ రైతుబిడ్డయే. నాలుగు గంటలు యంత్రముల నడుమ తిరుగుచు, ఎవరి రక్తపోటు ఎప్పుడు పడునో మాకంటె ముందే కనిపెట్టుచుండెను. ఒక ముసలమ్మ వాని చేయి తప్ప మరియొకరి చేయి తగులనీయదు. "మీ అమ్మగారు బాగున్నారా?" అని యడిగితిని. "బాగుందండీ. ఊళ్లో నేనింకా చదువుతున్నానని చెబుతుంది" అని నవ్వెను.

నేను మూడవ యేటి మాట యెత్తి క్షమింపుమందునా యని తడబడుచుండగా వాడే, "మా తమ్ముడు ఈ యేడు బైపీసీ అయిపోయింది మాస్టారూ. 290 వచ్చాయి. మళ్లీ రాస్తానంటున్నాడు. మీరొకసారి మాట్లాడతారా?" అనెను. వాని మార్కుల కాగితములన్నియు తీసికొని ఆదివారము పంపుమంటిని. విశ్వవిద్యాలయమువారి ర్యాంకుల పట్టిక నేను శనివారమే తెచ్చి పెట్టుకొంటిని.