అడిగినదొకటి, చెప్పినదొకటి



భోజనానికి కూర్చున్న భర్తను "కూర ఎలా ఉంది?" అని భార్య అడిగింది. ఆయన తల ఎత్తకుండా "మజ్జిగ ఉందా?" అన్నాడు. ఆమెకు సంగతి అర్థమైపోయింది. కూర బాగాలేదని ఆయన అనలేదు. కాని అడిగినదానికి కాక వేరొక మాట చెప్పాడంటే ఏదో కారణం ఉంటుందని ఆమె మనసు వెదికింది. మనమందరం రోజూ ఇలాగే వింటాము. నోరు సగమే చెబుతుంది. మిగతా సగం వినేవారు పూరించుకోవాలి.

యోహాను సువిశేషం 5వ అధ్యాయంలో ఇటువంటి జవాబు ఒకటి ఉంది. యెరూషలేములో ఐదు మంటపాలున్న బెతెస్దా కోనేరు. నేటికీ పునీత అన్నమ్మ దేవాలయం ప్రక్కన ఆ శిథిలాలను యాత్రికులు చూస్తారు. అక్కడ 38 సంవత్సరాలుగా రోగియైన ఒక మనిషి పడి ఉన్నాడు. "నీకు బాగుపడాలని ఉందా?" అని ప్రభువు అడిగారు. ఔననో కాదనో చెబితే చాలు. అతడు ఆ రెండూ చెప్పలేదు. నీళ్ళు కదిలినపుడు తనను దించే మనిషి లేడనీ, తాను వెళ్ళేలోగా మరొకరు దిగిపోతున్నారనీ చెప్పాడు.

"నేనడిగిందేమిటి, నీవు చెప్పేదేమిటి?" అని ప్రభువు గద్దించలేదు. బాగుపడాలనే కోరిక లేనివాడు నీళ్ళలో దిగే ప్రయత్నం గురించి ఎందుకు చెబుతాడు? ఆ జవాబులో 'ఔను' ఉంది. దానితోపాటు దిక్కులేనితనం కూడా ఉంది. ప్రభువు రెండూ విన్నారు. "లేచి, నీ పడక ఎత్తుకొని నడువు" అన్నారు. మనిషి లేడన్నవానికి ప్రభువే మనిషి అయ్యారు.

నేను అలా వినలేకపోయిన రోజు ఒకటి ఉంది. మా విచారణలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధుణ్ణి "అబ్బాయి డబ్బు పంపుతున్నాడా, తాతా?" అని అడిగాను. "వాడికీ పిల్లలున్నారు కదా, ఫాదర్" అన్నాడు. కొడుకును అర్థం చేసుకున్న మంచి తండ్రి అనుకొని, ఆశీర్వదించి వచ్చేశాను. కొన్నాళ్ళకు ఆయన కళ్ళు తిరిగి పడిపోయాడని కబురు వచ్చింది. బి.పి. మాత్రలు కొనడం మానేసి రెండు నెలలయిందట. ఆయన నాకు చెప్పాడు. నేనే వినలేదు.

ప్రియులారా, మన ఇళ్ళలోనూ ఇటువంటి జవాబులున్నాయి. "తిన్నావా అమ్మా?" అంటే "మీరు తినండి, నాకు ఆకలిగా లేదు" అంటుంది. "కాలేజీ ఎలా ఉంది?" అంటే "ఇంటికి ఎప్పుడు రావచ్చు నాన్నా?" అంటాడు హాస్టల్లో ఉన్న కుమారుడు. అక్కడ ఒక్క క్షణం ఆగండి.

అయితే ఒక హెచ్చరిక. లేని అర్థాలు తీయడం కూడా మనకు అలవాటే. అత్తాకోడళ్ళ తగాదాలు ఎన్నో మాటలవల్ల కాదు, మాటలకు తీసిన అర్థాలవల్లనే పుడుతున్నాయి. అనుమానం కూడా చెప్పని మాట వింటుంది, ప్రేమ కూడా వింటుంది. అనుమానం విన్నదానితో తీర్పు చెబుతుంది. ప్రేమ దగ్గర కూర్చొని మళ్ళీ అడుగుతుంది.

ఈ ఆదివారం పూజ ముగిశాక మీ ఇంటిలో తక్కువగా మాట్లాడేవారి ప్రక్కన కాసేపు కూర్చోండి. ఒక ప్రశ్న అడగండి. జవాబు పూర్తిగా వినండి.

ప్రభూ, మా ప్రార్థనలలో మేము చెప్పలేనిది కూడా వినే తండ్రివి నీవు. అటువంటి చెవులను మాకూ దయచేయుము. ఆమెన్.