రాని కార్డు

మా పుట్టింట్లో సాయంత్రం పూట చేసే టిఫిన్‌కి రెండు పేర్లు. మా అమ్మ ఉగ్గాని అంటుంది, మా వదిన ఒగ్గరణె అంటుంది. బాణలి ఒకటే. బొరుగుల్ని నీళ్ళలో వేసి, మెత్తబడీ మెత్తబడకముందే గుప్పెట్లోకి తీసి పిండాలి. కాస్త ఆలస్యమైతే ముద్ద. రోజూ ఆ పని చేసేది మా మేనకోడలు. 2024 ఆగస్టు నెలాఖరులో ఒక సాయంత్రం మాత్రం అది నా చేతికొచ్చింది. పిల్ల ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంది, లేచేట్టు లేదు.

పిల్ల నీట్ రాసింది. ఆ ఏడు రాసిన 23 లక్షల పైచిలుకు మందిలో ఒకతె. జూన్ 4న ఫలితాలొస్తే 67 మందికి 720కి 720. పేపరు లీకైందని గొడవ. మళ్ళీ పరీక్ష పెడతారేమోనని, చదివింది దాచుకోవాలో మరిచిపోవాలో తెలియక పిల్లలు జులై నెలంతా గడిపారు. మళ్ళీ పరీక్ష అక్కర్లేదని జులై 23న సుప్రీంకోర్టు చెప్పింది. ఫలితాలు సవరించి వేస్తే ఆ 67 మంది 17 అయ్యారు. ఇదంతా అయ్యాక గానీ సీట్ల పంపకం మొదలు కాలేదు. ఈలోపు ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. బళ్ళారిలో వారం పాటు ఎవరు ఎవరికి ఎదురైనా మొదటి మాట గేటు పడిందా అనే. మా ఇంట్లో మాత్రం లిస్టు పడిందా అని.

నాయన అరుగు చివర ఈజీచైర్లో ఉన్నాడు. నలభై ఏళ్ళు మెడికల్ షాపు నడిపిన మనిషి. ఊళ్ళో ఏ డాక్టరు రాత అయినా ఆయనకు చదవడానికి వచ్చేది. సగం స్ట్రిప్ అడిగితే, తేదీ అచ్చువేసిన ముక్క అంగట్లో మిగిలేట్టు కత్తెర పెట్టేవాడు. ఆఖరి మాత్ర అమ్మేదాకా దాని గడువు తన కంటి ముందుండాలని.

"ఏమ్మే, వచ్చిందా?"

"రాలేదు తాతా."

"నువ్వు చూస్తాంటే వస్తాదా? వచ్చినాక చూస్తే పోదా?"

"చూడకపోతే వచ్చినట్ల ఎట్ల తెలుస్తాది?"

నాయన దీనికి నవ్వాడు. తర్వాత, ఎప్పుడూ మా దగ్గర ఎత్తని మాట ఎత్తాడు.

"నేనూ ఇట్లనే కూచున్యా. ఇదే అరుగు. 1963లో. మన ఊళ్ళో మెడికల్ కాలేజీ పెట్టి రెండేండ్లు. నీ మాదిరి ఫోను కాదు, పోస్టుమాన్. బెంగుళూరులో ఇంటర్వ్యూ అయింది. రైల్లో గుంతకల్లు చేరేలోపే వాళ్ళు నా మార్కులు వేసేసింటారు. అంటే నా సంగతి తేలిపోయింది. తేలిపోయిన దానికోసం నెలలు కూచున్యా. దాన్ని ఎదురుచూసేది అంటారా?"

"మరేమంటారు?"

"తీర్పు కోసం చూసేది వేరే, కబురు కోసం చూసేది వేరే. తీర్పు రాకముందు మొక్కుకుంటే ఒక అర్థముండాది. అయిపోయినాక దుర్గమ్మ గుడికి పోయి మొక్కుకుంటే, ఆమె మాత్రం ఏం చేస్తాది? రాసింది చెరపాల్నా?"

"నువ్వు పోలేదా గుడికి?"

"పోయినా. మూడు శుక్రవారాలు."

పిల్ల ఫోను ఒళ్ళో బోర్లించింది. గంటలో మొదటిసారి. "నాది అట్ల కాదు తాతా. నాది ఇంకా తేలలేదు. ర్యాంకు తేలింది, అంతే. నా ముందున్నోళ్ళు ఏది పట్టుకుంటారో, ఏది వదుల్తారో దాన్ని బట్టి నాది. వాళ్ళెవరో నాకు తెలీదు. బీదర్‌లో ఎవురో పిల్లోడు బెంగుళూరుకు పోతానని వదిలేస్తే, ఆ సీటు ఇంకొకరికి, వాళ్ళది ఇంకొకరికి, కదిలి కదిలి నాకు."

"అయితే నువ్వు మొక్కుకుంటే అర్థముండాది."

"నాకు మంచి జరగాలని కాదు మొక్కుకోవాల్సింది. ముందున్నోళ్ళకు దూరాన యాడన్నా మంచి సీటు రావాలని."

ఇంతకంటే మర్యాదైన స్వార్థం నేను వినలేదు.

తర్వాత పిల్ల తాతకు చాయిస్‌ల సంగతి చెప్పింది. సీటు వచ్చినాక కర్ణాటక పరీక్షా ప్రాధికారం వాళ్ళు అడుగుతారు. చాయిస్ ఒకటి అంటే ఇది చాలు, చేరతాను. రెండు అంటే ఇది నా పేరన ఉంచండి, పై రౌండులో ఇంకా మంచిది వస్తే అదిస్తారు, అప్పుడు ఇది పోతుంది. మూడు అంటే ఇది వద్దు, కానీ వరసలో ఉంటాను. నాలుగు, దండం పెట్టి బయటికి. నాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ విన్నాడు. రెండో దగ్గర వేలు ఆగింది.

"చేతిలో ఉండాది, కన్ను ఇంకోదాని మీద. అది కూడా కాగితం మీద రాసిస్తారా?"

"క్లిక్ చేస్తే చాలు."

"మా కాలంలో దాన్ని సంసారం అనేవాళ్ళు."

లోపల్నించి అమ్మ, "ఏమంటివి?" అంది. ఆమెకు చెవుడు, కానీ ఇలాంటివి తప్పకుండా వినపడతాయి.

"ఇంటర్వ్యూలో ఏమడిగినారు తాతా?"

"మూడు అడిగినారు. మీ నాయన ఏం చేస్తాడన్యారు. చెప్పినా. తుంగభద్ర యాడ పుడతాదన్యారు. నేను, పుట్టదు సార్, కలుస్తాది, తుంగ ఒకటి, భద్ర ఒకటి, కూడ్లి దగ్గర కలిస్తే తుంగభద్ర అన్యా."

"సరైందే కదా!"

"జవాబు సరైందే. గొంతు? పద్దెనిమిదేండ్ల పిల్లోడు పెద్దమనుషులకు ప్రశ్నే తప్పు అని చెప్పినట్ల వినపడిందేమో. గంగమూలలో పుడతాది సార్ అనింటే పోయేది. ఇన్నేండ్లలో ఆ మాట ఎన్ని తూర్లు తిప్పి తిప్పి చెప్పుకున్యానో. స్నానం చేస్తా చెప్పుకున్యా, అంగడి తాళం వేస్తా చెప్పుకున్యా. ఒకతూరి మెల్లగ, ఒకతూరి తల వంచుకుని. చానా బాగా చెప్తాను ఇప్పుడు."

నేను బొరుగులు పిండుతూ ఆగిపోయాను. ఈ సంగతి ఆయన కూతుర్ని, యాభై నాలుగేళ్ళ దాన్ని, నాకు తెలియదు.

ఆయన ఇంటర్వ్యూ ఏడాదే చరిత్రకెక్కింది. మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీలకు అప్పటి మైసూరు ప్రభుత్వం పెట్టిన పద్ధతిలో, ఐచ్ఛిక సబ్జెక్టుల మొత్తం మార్కుల్లో 25 శాతానికి సమానమైన మార్కులు ఇంటర్వ్యూకు కేటాయించారు. వ్యక్తిత్వం, అభిరుచి, ఎన్‌సీసీ, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. అది అన్యాయమని కొందరు విద్యార్థులు కోర్టుకెక్కారు. చిత్రలేఖ కేసు అంటారు. 1964 జనవరిలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు, ఇంటర్వ్యూ చెల్లుతుందని. రాసింది మన రాజమండ్రి మనిషి, కోకా సుబ్బారావు. ఒక జడ్జి ఒప్పుకోలేదు. 1980లో అజయ్ హసియా కేసులో శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ వ్యవహారం వస్తే, ఒక్కొక్కరిని రెండు మూడు నిమిషాలు చూసి మూడో వంతు మార్కులు చేతిలో పెట్టుకోవడమేమిటని అదే కోర్టు కోప్పడింది, 15 శాతం దాటకూడదంది. నాకు రెండు తీర్పులూ సబబుగానే తోస్తాయి. మనిషిని చూడకుండా డాక్టరును ఎట్లా ఎంచుతారు? రెండు నిమిషాలు చూసి ఎట్లా ఎంచుతారు?

పిల్ల మాత్రం వేరే వైపు నుంచి వచ్చింది. "నీ మొహం చూసినారు కదా తాతా, కనీసం. నన్నెవురూ చూడలేదు. నేను దిద్దిన గుండ్రాలు, బొటనవేలి ముద్ర, ఓఎంఆర్ షీటు, అంతే. డాక్టరు ఎందుకు కావాలని ఒక్కరు అడగలేదు."

"అడిగింటే ఏం చెప్పేదానివి?"

పిల్ల నోరు తెరిచింది, మూసింది.

"చూస్తివా? మూడో ప్రశ్న నాకదే. నేనూ నీ మాదిరే నోరు తెరిచినా. తర్వాత సేవ అన్యా. ముందోడు అదే చెప్పింటాడు, వెనకోడూ అదే. మిషను ఆ మాట అడగదు కాబట్టి, నువ్వు దానికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. మీ నాయన ఏం చేస్తాడనీ అడగదు."

"అడుగుతాది తాతా. సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయమని. కులం, ఆదాయం, 371జె."

నిజమే. గొంతు అడగరు గానీ చిరునామా అడుగుతారు. బళ్ళారి 1800లోనే నైజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళకు దత్తమండలంగా పోయింది. అయినా 2012 నాటి రాజ్యాంగ సవరణతో వచ్చిన 371జె అధికరణంలో హైదరాబాద్-కర్ణాటక కింద ఈ జిల్లానూ చేర్చారు. ఆ ప్రాంతపు కాలేజీల్లో 70 శాతం సీట్లు ఆ ప్రాంతపు పిల్లలకే, బయట 8 శాతం. మా మేనకోడలికి ఆ కాగితం ఉంది. నేను రాయదుర్గం కోడల్ని. అది 1953 దాకా బళ్ళారి జిల్లాలోని తాలూకానే. ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఆ అక్టోబరు 1న ఆదోని, ఆలూరుల మాదిరి ఇటు పడింది, అనంతపురంలో కలిసింది. మా వీధి పిల్లలది విజయవాడ హెల్త్ యూనివర్సిటీ లిస్టు. అదే యాస, అదే ఉగ్గాని, వేరే వరస.

"మనూరు కూడా ఎదురుచూసింది కదా నాయనా," అన్నాను. ఆ మాట అనకపోతే ఆయన ఇంటర్వ్యూలోంచి బయటపడేట్టు లేడు.

"చూడల్యా మరి! మిశ్రా కమిషన్ వచ్చి పోయింది, 1953లో. బళ్ళారి తాలూకా మైసూరుకే అన్యారు. అయిపోయిందనుకుంటిమి. 1955లో ఇంకో కమిషన్, రాష్ట్రాల పునర్విభజనది. వాళ్ళ రిపోర్టులో బళ్ళారి, హొసపేట, సిరుగుప్ప, డ్యాం దగ్గర మల్లాపురం ముక్క, అన్నీ ఆంధ్రాకు అని ఉండాది. మా నాయన పేపరు పట్టుకుని ఇంట్లో కలయదిరిగినాడు. 1956లో చూస్తే అందులోది ఒక్కటీ జరగలేదు."

"అది మాక్ అలాట్‌మెంటు తాతా!" పిల్ల చప్పట్లు కొట్టినంత పని చేసింది. "మాకూ అంతే. ముందు మాక్ వేస్తారు. నీకు ఫలానా కాలేజీ వచ్చేట్టుందని చూపిస్తారు. అది సీటు కాదు, ఉత్త చూపు. అసలు రౌండులో మారిపోతాది."

"అయితే మా నాయనకు మాక్‌లో ఆంధ్రా వచ్చింది."

ఇద్దరూ ఎంతసేపు నవ్వారో. రెండు రాష్ట్రాల పెద్దలు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్న సంగతి మా అరుగు మీద ఒక్క మాటతో తేలికైపోయింది. నాకైతే కొంచెం గుచ్చుకుంది. కానీ గీత ఎటు పడ్డా ఊరు ఊరుకోలేదు. బళ్ళారి రాఘవ తెలుగు నాటకాలాడిన ఊళ్ళో ఆయన పేరిటి కళామందిరం ఇప్పటికీ ఉంది. ఎదురుచూసే ఊళ్ళు ఈలోపు నాటకాలు వేసుకుంటాయి, జీన్స్ ప్యాంట్లు కుడతాయి, మిరపకాయ బజ్జీలు వేయిస్తాయి.

"సరే తాతా. కార్డు ఎప్పుడొచ్చింది?"

"ఏ కార్డు?"

"ఇంటర్వ్యూది. రాలేదని కార్డు."

నాయన కాసేపు ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

"వచ్చినోళ్ళకే కార్డు పాపా. రానోళ్ళకు రాదు. అందుకే ఫలానా దినం అని లేదు. కేసు కోర్టులో ఉండాది, ఇంకా లిస్టు మారుతాదేమో అని ఒకడు. చేరినోడు ఎవడన్నా మానేస్తాడేమో అని ఇంకొకడు. పోస్టుమాన్ ఈ సందులోకి పదకొండుకు వచ్చేవాడు. నేను పదిన్నరకే అరుగు మీద. మా నాయన అప్పటికే నన్ను ఒకరి మెడికల్ షాపులో చీటీలు రాసేదానికి పెట్టినాడు, మధ్యాహ్నం నుంచి. ఒకదినం అంగట్లో సరుకు దిగింది, పొద్దున్నే రమ్మన్యారు. డబ్బాలు విప్పి, పేరు పేరున అరల్లో సర్దినా. సర్దిందాన్ని మళ్ళీ మార్చినా, అక్షరం వరసలో పెడితే బాగుంటాదని. గడియారం చూసినా. పన్నెండున్నర. పోస్టుమాన్ వచ్చి పోయినాడు, నాకు గుర్తే రాలేదు."

"అప్పుడు తెలిసిందా, రాలేదని?"

"రాలేదని కాదు. నేను చూస్తాండలేదని."

"ఆ దినం కార్డు వచ్చింటే?"

"మా అమ్మ తీసి పెట్టింటుంది కదా."

పిల్ల దీన్ని వదల్లేదు. అది దాని గుణం. "అంటే నువ్వు వదులుకున్యావు. చాయిస్ నాలుగు."

"కాదు. నాలుగంటే నేను చెప్పాల కదా, వద్దు అని. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పదకొండు గంటలు పోయింది, అంతే. ఇంకోటి చెప్తా. తర్వాత నలభై ఏండ్లు డాక్టర్ల రాత చదివినా. ఆ రాతలో నాది ఉండాదేమోనని మొదట్లో చూసేవాణ్ణి. ఇది నేను రాసింటే ఈ మాత్ర రాసేవాణ్ణా అని. ఒక్కోసారి రాసింటే బాగుండేదనిపించేది. ఒక్కోసారి, దేవుడా, ఇది రాసే పని నాకు తప్పింది అనిపించేది. రెండూ ఉన్యాయి. ఏది ఎక్కువంటే చెప్పలేను."

ఆయన సంతృప్తిగా బతికాడని ఇక్కడ రాయాలని నాకుంది. ఆయన ఆ మాట అనలేదు కాబట్టి రాయను.

ఫోను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గ్యాసు సిలిండర్ బుకింగ్ మెసేజీ.

"ఏదీ, నీ లిస్టు చూపి," అన్నాడు నాయన. పిల్ల ఆప్షన్ల జాబితా పెద్దది చేసి పట్టుకుంది. భూతద్దం పెట్టి, చీటీ చదివినట్టే పైనుంచి కిందికి చదివాడు. వేలు ఆగింది.

"మన విమ్స్ మూడోదా?" అది మా ఊరి మెడికల్ కాలేజీయే, పేరు మారింది గానీ మా ఇంట్లో ఇంకా విమ్సే.

"ఊ."

"సందు చివర ఆటో ఎక్కితే చేరతావు. ఇంత దగ్గరుండేది మొదట పెట్టల్యా?"

"దగ్గరుండాది కాబట్టే మూడోది పెట్టినా."

నాయన భూతద్దం దించి నా వైపు చూశాడు, నేనేదో నేర్పినట్టు. నా చేతిలో బొరుగులు ముద్దయిపోయి ఉన్నాయి. మళ్ళీ నానబెట్టడానికి లోపలికి వెళ్ళాను.