సమర్థించుకొనుట, క్షమించుకొనుట: ఆత్మార్థక క్రియలపై ఒక నైతిక వివేచన
(ఆంగ్ల, డేనిష్, తెలుగు భాషల ఆధారంగా)

ప్రస్తావన

పొరపాటు చేసినవాడు అడిగినవారికి కారణాలు చెప్పి బయటపడితే “సమర్థించుకొన్నాడు” అంటాం. అతడే ఆ పొరపాటు బరువును ఏళ్లతరబడి మోసి చివరకు దించుకొంటే “తనను తాను క్షమించుకొన్నాడు” అంటాం. మొదటి వాక్యానికి ‘తనను తాను’ అనే పదాల అవసరం లేదు. ‘కొను’ ఒక్కటే ఆ పని చేస్తుంది. రెండో వాక్యంలో ఆ పదాలు తొలగిస్తే వాక్యం నిలవదు. “క్షమించుకొన్నాడు” అనగానే “ఎవరిని?” అనే ప్రశ్న వస్తుంది.

డేనిష్ భాషలోనూ దాదాపు ఇదే భేదం ఉంది. సాకు చెప్పుకోవడానికి, వాదించుకొని బయటపడడానికి ‘సై’ అనే చిన్న సర్వనామం సరిపోతుంది. క్షమించుకోవడానికి మాత్రం ‘సై సెల్’ అని రెండు మాటలు కావాలి. ఆంగ్లం రెండింటికీ ‘హిమ్‌సెల్ఫ్’ అనే ఒకే పదం వాడుతుంది. ఈ భేదం వ్యాకరణానికే పరిమితమా, లేక మనిషి తన తప్పుతో వ్యవహరించే రెండు పద్ధతుల మధ్య ఉన్న నిజమైన తేడాను సూచిస్తున్నదా అని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. డేనిష్ పదాలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇస్తున్నాను.

ఆంగ్ల, డేనిష్ భాషల్లో ఆత్మార్థక క్రియలు

కర్త చేసిన పని తిరిగి కర్తకే చెందినప్పుడు ఆ క్రియను ఆత్మార్థక క్రియ అంటున్నాం. డేనిష్‌లో ఉత్తమ పురుషకు ‘మై’, మధ్యమ పురుషకు ‘డై’, ప్రథమ పురుషకు ‘సై’ అనే రూపాలు క్రియ తర్వాత వస్తాయి. ఈ ‘సై’, సంస్కృతంలోని ‘స్వ’ శబ్దం ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవి. ప్రాచీన ఆంగ్లంలో అటువంటి సర్వనామం మిగలలేదు. అక్కడ మామూలు సర్వనామమే ఆత్మార్థంలోనూ వాడేవారు. నొక్కి చెప్పడానికి చేర్చిన ‘సెల్ఫ్’ క్రమంగా దానితో కలిసిపోయి నేటి రూపాలు ఏర్పడ్డాయి. నొక్కి చెప్పడానికి పుట్టిన మాట కావడం వల్ల ఆంగ్ల రూపం బరువైనది. అందుకే కడుక్కోవడం, గడ్డం గీసుకోవడం, తొందరపడడం వంటి నిత్యకృత్యాల్లో ఆంగ్లం సాధారణంగా ఏ సర్వనామమూ లేకుండా క్రియను మాత్రమే వాడుతుంది.

డేనిష్ అలా వదలదు. కడుక్కోవడం ‘వస్కె సై’, తొందరపడడం ‘స్కొన్నె సై’, కూర్చోవడం ‘సెట్టె సై’, సిగ్గుపడడం ‘స్కమ్మె సై’. ఆంగ్లం మాట్లాడేవారు డేనిష్ నేర్చుకొనేటప్పుడు ఈ ‘సై’ని మరచిపోతారు. డేనిష్ మాట్లాడేవారు ఆంగ్లంలో అక్కరలేని చోట ‘సెల్ఫ్’ను చేరుస్తారు. పాఠ్యపుస్తకాలు ఈ క్రియలను జాబితాగా ఇచ్చి కంఠస్థం చేయమనడం సహజం. కాని జాబితా వెనుక ఒక క్రమం ఉంది.

ఈ క్రియలను మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటి తరగతి ‘స్కొన్నె’, ‘స్కమ్మె’ వంటివి. వీటిలో ‘సై’ క్రియలో భాగమే. దాని స్థానంలో నేరుగా మరొకరి పేరు పెట్టడం కుదరదు. రెండో తరగతి ‘వస్కె’ వంటివి. బిడ్డనూ కడగవచ్చు, పాత్రనూ కడగవచ్చు. అయినా మనిషి తనను కడుక్కోవడం అనుదిన వ్యవహారం గనుక ‘సై’ చాలు. ఇంకా చేతకాని పసివాడు ఎవరి సహాయమూ లేకుండా కడుక్కొన్నాడని నొక్కి చెప్పాలంటే అక్కడ ‘సై సెల్’ వస్తుంది. మూడో తరగతి ద్వేషించడం, మోసగించడం, క్షమించడం వంటివి. ఇవి స్వభావరీత్యా ఇతరుల వైపు సాగే పనులు. ఇవి కర్త మీదికే మళ్లినప్పుడు ‘సై’ చాలదు, ‘సై సెల్’ అనక తప్పదు. క్షమించడం ‘టిల్‌గీవె’. దాని పక్కన ఒంటరి ‘సై’ నిలవదు.

అంటే ‘సెల్’ అనే మాట వినేవారి అంచనాకు విరుద్ధమైన దిశను సూచిస్తున్నది. పని తనవైపే రావడం సహజమైతే ‘సై’, పని మరొకరి వైపు పోవలసి ఉండి తనవైపు తిరిగితే ‘సై సెల్’. రెండోచోట కర్త తనను మరొక వ్యక్తిగా ఎదురుగా నిలుపుకొంటున్నాడు.

తెలుగులో ‘కొను’

సంస్కృత వ్యాకరణంలో క్రియాఫలం కర్తకు చెందినప్పుడు ఉభయపది ధాతువులకు ఆత్మనేపదం వస్తుందని పాణిని విధించాడు. ఋత్విక్కులు యజమానుని కోసం యాగం చేస్తే ‘యజంతి’, యజమానుడు తన కోసం చేస్తే ‘యజతే’ అనేది వ్యాఖ్యాతలు చూపే ప్రసిద్ధ ఉదాహరణ. పరవస్తు చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) తెలుగులో ఈ ఆత్మనేపదార్థాన్ని అనుప్రయుక్తమయ్యే ‘కొను’ ధాతువుకు అప్పగించింది. “వండింది” అంటే ఎవరికోసమైనా కావచ్చు, “వండుకొన్నది” అంటే తనకోసం.

ఇక్కడ ‘ఫలం’ అంటే లాభం మాత్రమే కాదు. “చెయ్యి కోసుకొన్నాడు”, “కష్టాలు కొనితెచ్చుకొన్నాడు” అన్నప్పుడు కర్తకు దక్కింది నష్టమే. “చేసుకొన్నవారికి చేసుకొన్నంత” అనే సామెతలో ‘కొను’ కర్మసిద్ధాంతాన్నే మోస్తున్నది. పని ఎవరిదో ఫలం వారిది. ఈ నైతిక దృష్టికి కర్త తనను రెండుగా చూసుకోనక్కరలేదు. అతడు తెలుసుకొన్నా తెలుసుకోకపోయినా ఫలం తిరిగి వస్తుంది.

‘తనను తాను’ అనే జంట చేరినప్పుడు పరిస్థితి వేరు. “కడుక్కొన్నాడు”, “సర్దుకొన్నాడు” అనేవి ఒంటరిగా నిలుస్తాయి. “ద్వేషించుకొన్నాడు”, “మోసగించుకొన్నాడు”, “క్షమించుకొన్నాడు” అనేవి ‘తనను తాను’ అనే తోడు కోరుతాయి. ‘తాను’ కర్తగా, ‘తనను’ కర్మగా ఒకే మనిషి రెండు విభక్తుల్లో కనిపిస్తాడు. కుటుంబరీత్యా ఏ సంబంధమూ లేని తెలుగు, డేనిష్ భాషలు రెండూ తేలిక రూపాన్నీ బరువు రూపాన్నీ వేరుగా ఉంచి, క్షమను బరువు రూపానికే అప్పగించడం గమనించదగినది. ‘కొను’లోని ఫలార్థం ‘సై’కి పూర్తిగా లేదన్న తేడాను మాత్రం మరువరాదు.

కీర్కెగార్డ్ నిర్వచనం, అనువాదకుల ఇబ్బంది

డేనిష్ తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1849లో ఆంటీ-క్లిమాకస్ అనే మారుపేరుతో ప్రచురించిన ‘మరణాంతక వ్యాధి’ గ్రంథారంభంలో ఆత్మను ఒక వస్తువుగా కాక ఒక సంబంధంగా, అదీ తనతోనే సంబంధపడే సంబంధంగా నిర్వచించాడు. మూలంలోని క్రియ ‘ఫొర్‌హొల్లె సై’. ఇది నిత్యవ్యవహారంలోని మాట. “సంగతి ఇలా ఉంది” అని చెప్పడానికీ, ఒక విషయం పట్ల ఒక వైఖరితో ఉండడానికీ దీనిని వాడతారు. దీనిలోని ‘సై’ మొదటి తరగతికి చెందిన తేలిక రూపం. ఆ వెంటనే ఆ సంబంధం ఎవరితో అని చెప్పేటప్పుడు ‘సై సెల్’ వస్తుంది. తేలిక రూపం, బరువు రూపం ఒకే నిర్వచనంలో పక్కపక్కన నిలిచాయి.

ఆంగ్లానువాదకులు ఈ చోట మూడు దారులు తొక్కారు. 1941లో వాల్టర్ లౌరీ రెండోచోట ‘సొంత’ అనే అర్థమిచ్చే విశేషణాన్ని చేర్చి తేడాను నిలిపాడు. 1980లో హాంగ్ దంపతులు ఒకే సర్వనామాన్ని రెండుసార్లు వాడారు. 1989లో అలస్టెయిర్ హనే మొదటి సర్వనామాన్ని విడిచిపెట్టాడు. వీరిలో ఎవరిదీ తప్పు కాదు. ఆంగ్లంలో తేలిక రూపం లేకపోవడమే ఈ ఇబ్బందికి మూలం. తెలుగులో ‘సంబంధం పెట్టుకొను’లోని ‘కొను’ మొదటిదానికి, ‘తనతో తాను’ రెండోదానికి సరిపోతాయి.

దీని నైతిక ప్రయోజనం ఏమిటి? ఏదో ఒక స్థితిలో ఉండడం ప్రతి వస్తువుకూ ఉన్నదే. ఆ స్థితిని ఎదుట పెట్టుకొని దానికి బాధ్యత వహించగలగడం మనిషి లక్షణం. ‘సై’ నుంచి ‘సై సెల్’కు సాగే ఆ అడుగులోనే ఆత్మ ఉన్నదని కీర్కెగార్డ్ నిర్వచనాన్ని అర్థం చేసుకోవచ్చు.

తనను తాను క్షమించుకోవచ్చునా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సమర్థించుకొనేవాడు తన పక్షాన నిలబడి మాట్లాడతాడు. అతనిలో ఉన్నది ఒక్కడే, ఎదుట ఉన్నవారు ఇతరులు. ఆత్మరక్షణ ప్రాణికి సహజం గనుక భాష దానికి తేలిక రూపమే ఇచ్చింది. క్షమకు ఇద్దరు కావాలి: తప్పు చేసినవాడు, తప్పుకు గురైనవాడు. తనను తాను క్షమించుకొనేవాడు ఈ రెండో స్థానంలో ఎవరి అధికారంతో కూర్చొంటున్నాడు?

హానా ఆరెంట్ ‘మానవ స్థితి’ (1958) గ్రంథంలో క్షమకు ఇతరుల ఉనికి అవసరమని, ఏకాంతంలో ఎవరూ తమను తాము క్షమించుకోలేరని వాదించింది. కీర్కెగార్డ్ మరొక దిశ నుంచి ఈ విషయాన్ని తాకాడు. ‘నన్ను నేను ఎన్నటికీ క్షమించుకోలేను’ అనేవాడిని లోకం ఉత్తమ హృదయుడని మెచ్చుకొంటుంది. కాని ఆ మాటలో పశ్చాత్తాపం కన్నా అహంకారం ఎక్కువని, క్షమించవలసిన దైవాన్ని పక్కకు నెట్టి ఆ పీఠం మీద తానే కూర్చోవడమని అతని విశ్లేషణ. ఆశ్చర్యమేమంటే, క్షమించుకొన్నాననేవాడూ, క్షమించుకోలేననేవాడూ ఇద్దరూ ఒకే పీఠాన్ని ఆక్రమిస్తున్నారు. ఒకడు విడుదల తీర్పు ఇస్తాడు, మరొకడు శిక్ష విధిస్తాడు.

అయితే ఈ వాదాలు ఒక సందర్భాన్ని పూర్తిగా పరిష్కరించవు. తల్లి చివరి రోజుల్లో పనుల వంకతో ఊరికి వెళ్లని కొడుకును ఊహించండి. ఆమె ఇప్పుడు లేదు. క్షమించవలసిన మనిషే లేనప్పుడు అతనికి మిగిలిన దారులు ఏవి? “సెలవు దొరకలేదు” అని సమర్థించుకోవచ్చు. అప్పుడు తల్లి స్థానం ఖాళీగానే ఉంటుంది, అతడు దానివైపు చూడడు. లేదా ఆమె స్థానంలో తాను నిలిచి, ఆమె కళ్లతో తనను చూడవచ్చు. ఆ చూపులో ముందుగా కనిపించేది క్షమ కాదు, తాను చేసిన పని. “నా మనసు నన్ను క్షమించదు” అనే తెలుగు వాడుకలో ‘మనసు’ ఈ రెండో వ్యక్తే. ‘తనను తాను’ అనే జంటను వాడుక భాష ఇలా విడదీసి చూపింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది: తనను తాను క్షమించుకోవడం స్వతంత్రాధికారం కాదు, మరొకరి స్థానాన్ని అరువు తీసుకోవడం. బాధితుడు బతికి ఉండగా, అతనిని అడగకుండా ఆ స్థానాన్ని తీసుకోవడం ఆక్రమణ. బాధితుడు లేనప్పుడు, అతడు అడగగల ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పిన తర్వాతనే ఆ అరువు న్యాయమవుతుంది. ఆ జవాబులు లేని క్షమ పేరుకు క్షమ గాని, స్వభావంలో సమర్థనే. ఆత్మవంచనకు కూడా డేనిష్, తెలుగు భాషలు బరువు రూపాన్నే కోరడం ఇక్కడ ఒక హెచ్చరిక. రెండుగా నిలవడం నిజాయితీకి అవసరమే గాని, అది నిజాయితీకి హామీ కాదు.

కొన్ని ఆక్షేపాలు

భాషారూపం నుంచి నీతిని రాబట్టడం ప్రమాదకరమని అనవచ్చు. నిజమే. డేనిష్ మాట్లాడేవారు ఆంగ్లేయుల కన్నా ఎక్కువ ఆత్మపరిశీలన చేస్తారని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఆంగ్లంలో సందర్భం ఆ తేడాను తెలుపుతుంది. ఆరెంట్ వాదాన్ని ఆంగ్లంలోనే రాసింది. వ్యాకరణం నిర్ణయించదు, గుర్తు చేస్తుంది. ఏ పని సహజంగా ఎటు సాగుతుందని ఒక జనసమూహం భావించిందో ఆ అంచనా దానిలో నిలిచి ఉంటుంది.

రెండో ఆక్షేపం సిగ్గును గురించినది. సిగ్గు నైతిక భావమే గదా, ‘స్కమ్మె సై’లో ‘సెల్’ ఎందుకు లేదు? సిగ్గులో చూసే కళ్లు ఇతరులవి. ఇతరుల చూపు ముందే ఉన్నందున మనిషి తనను తాను విడదీసుకోనక్కరలేదని సమాధానం చెప్పుకోవచ్చు. ‘సిగ్గుపడు’ అనే తెలుగు మాటలో అది మనిషి చేసే పనిగా కాక, అతనికి సంభవించేదిగానే కనిపిస్తుంది. సిగ్గు అందరి ఎదుట కలుగుతుంది. ఎవరూ చూడనప్పుడు మిగిలేది పశ్చాత్తాపం.

ముగింపు

భాషను నేర్చుకొనేవారికి ‘సై’, ‘సై సెల్’ల తేడా ఒక అభ్యాసంలోని అంశం. ఏ క్రియకు ఏది అని గుర్తు పెట్టుకొంటే పరీక్ష గడుస్తుంది. కాని ఆ పట్టికను కొంత నిదానంగా చదివితే, మనిషి తనపట్ల చేసే పనులన్నీ ఒక తరహావి కావని తెలుస్తుంది. కడుక్కోవడం, సర్దుకోవడం, సమర్థించుకోవడం ఒక వరుసలో ఉన్నాయి. క్షమించుకోవడం ఆ వరుసలోనిది కాదు. తెలుగులో నాలుగింటి చివరా ‘కొను’ ఉన్నా, చివరిదానికి ముందు ‘తనను తాను’ అని చెప్పక తప్పదు. సమర్థించుకొన్న ప్రతివాడూ క్షమించుకొన్నానని అనుకోవడం సులభం. ఆ ‘తనను’ స్థానంలో నిజంగా ఎవరు నిలబడి ఉండవలసిందో అడిగితే ఆ భ్రమ తొలగుతుంది.