బేరం లేని ప్రేమ

హిరణ్యకశిపుడి వధ ముగిసింది. స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహుడి కోపం మెల్లగా చల్లారింది. ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డ ప్రహ్లాదుణ్ని చూసి ఏ వరం కావాలో కోరుకొమ్మన్నాడు స్వామి. విషం పెట్టినా, ఏనుగులతో తొక్కించినా, కొండ మీద నుంచి తోయించినా హరినామం విడవని బాలుడు. ఏమడిగినా చెల్లేది. కానీ ప్రతిఫలం ఆశించి సేవ చేసేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అన్నాడా పసివాడు. తన గుండెలో అసలు కోరికే మొలకెత్తకుండా చూడమని వేడుకున్నాడు. భాగవతం ఏడో స్కంధంలోని ఈ ఘట్టం భక్తికి ఒక కొలబద్ద.

జగిత్యాల జిల్లావాళ్ళకు ఈ కథ పుస్తకం తెరవకముందే తెలుసు. గోదావరి ఒడ్డున ధర్మపురిలో ఆ స్వామి యోగ నరసింహుడిగా, ఉగ్ర నరసింహుడిగా కొలువై ఉన్నాడు. సారంగాపూర్ నుంచి పండుగకో పబ్బానికో వెళ్ళి గంగలో మునిగి దర్శనం చేసుకోని కుటుంబాలు అరుదు. అయినా ప్రహ్లాదుడి జవాబు ఎంత కష్టమైనదో గుడిలో నిలబడ్డప్పుడు మనకు తెలిసిరాదు. ప్రాణంగా ఇష్టపడినది మన ఆశను వమ్ము చేసిన రోజున తెలుస్తుంది. ఫుట్‌బాల్ అభిమానులకు అలాంటి రోజు ఏటా వస్తుంది. కొత్త సీజన్ మొదలయ్యే వారాంతమే అది.

నెలల తరబడి ఆట ఉండదు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఎవరిని ఎంతకు కొన్నారు అన్న కబుర్లతోనే కాలం గడుస్తుంది. ఎదురుచూపు అలా పెరిగి పెరిగి మొదటి మ్యాచ్ నాటికి కట్ట తెగుతుంది. చివరి విజిల్ మోగిన కాసేపటికే తీర్పులు వచ్చేస్తాయి. గెలిస్తే, "ఈసారి కప్పు మనదే". ఓడితే, "కోచ్‌ను మార్చాలె, వీళ్ళతోని కాదు". స్టేడియం మెట్ల మీదైనా, ఊరి కూడలిలో ఒకే ఫోన్ చుట్టూ చేరి యూరప్ లీగులు చూసే కుర్రాళ్ళ మధ్యనైనా ఇవే మాటలు. వాటిలో ప్రేమ ఉంది. ప్రేమ లేనివాడికి అంత కోపం రాదు. కానీ ఆ ప్రేమ పక్కనే ఒక లెక్క కూడా కూర్చుని ఉంది. ఇంత గొంతు చించుకున్నాను, ఇంత ఖర్చు పెట్టాను, నిద్ర మానుకున్నాను, కాబట్టి నువ్వు గెలిచి తీరాలి అంటుందది. ప్రహ్లాదుడు వర్తకం అన్నది సరిగ్గా దీన్నే.

ఆ లెక్క ఎంతగా తప్పుతుందో చూడాలంటే హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చాలు. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి మన నగరం పేరుతో ఒక జట్టు వచ్చింది. 'డెక్కన్ లీజియన్' పేరుతో అభిమానులు ఒక్కటై దాని వెంట నిలిచారు. అక్టోబరు 25న, దీపావళికి రెండు రోజుల ముందు, కోల్‌కతాలో ఏటీకేతో ఆ జట్టు తొలి మ్యాచ్ ఆడింది. 0–5 తేడాతో ఓడింది. నాలుగు రోజులకే జంషెడ్‌పూర్‌లో 1–3తో మరో ఓటమి. నవంబరు 2న సొంతగడ్డ గచ్చిబౌలిలో తొలి మ్యాచ్. ముందు గోల్ కేరళ బ్లాస్టర్స్‌దే. తర్వాత పెనాల్టీతో స్కోరు సమమైంది. చివర్లో మార్సెలీన్యో ఫ్రీకిక్ వలలో పడింది. 2–1తో గెలుపు. ఆ రాత్రి ఆ స్టేడియంలో ఉన్నవారికి కష్టకాలం గట్టెక్కిందనే అనిపించి ఉంటుంది. కానీ సీజన్ ముగిసేసరికి 18 మ్యాచుల్లో గెలిచినవి రెండే. 10 పాయింట్లతో జట్టు అట్టడుగున నిలిచింది.

తర్వాతి రెండేళ్ళు ఇంకా గొప్ప పాఠం చెప్పాయి. 2020 నవంబరు 23న కొత్త కోచ్ మాన్యుయెల్ మార్కెస్ ఆధ్వర్యంలో హైదరాబాద్ తన తొలి మ్యాచ్‌లో ఒడిశాను 1–0తో ఓడించింది. చక్కటి ఆరంభం. ఆ ఏడు ఐదో స్థానంలో ఆగి, ప్లేఆఫ్‌కు ఒక్క మెట్టు దూరంలో ఉండిపోయింది. సరిగ్గా సంవత్సరానికి, 2021 నవంబరు 23న, తొలి మ్యాచ్‌లో చెన్నైయిన్ చేతిలో 0–1తో ఓడింది. ఆ ఏడే కప్పు గెలిచింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. మళ్ళీ ఎదురు నిలిచింది కేరళ బ్లాస్టర్సే. ఆట చివర్లో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో స్కోరు 1–1 అయింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3–1తో హైదరాబాద్ విజేత.

తొలి మ్యాచ్ గెలిచిన ఏడు కప్పు దక్కలేదు. ఓడిన ఏడు దక్కింది. అలాగని ఓడితే మంచిదనే కొత్త శకునం పుట్టించుకోనక్కర్లేదు. తొలి ఫలితానికి అంత అధికారం కట్టబెట్టింది మన తొందరే. ఏం జరగబోతోందో తెలియకపోవడాన్ని మనసు భరించలేదు. అందుకే దొరికిన మొదటి గుర్తును పట్టుకుని మొత్తం కథ రాసేస్తుంది. ఆటలోనే కాదు, కొడుకు మొదటి పరీక్షలో, కోడలు వచ్చిన మొదటి నెలలో, మొక్కు మొక్కిన మొదటి వారంలో కూడా ఇదే చేస్తుంది.

తీర్పు చెప్పకుండా ఆగగలిగినవాళ్ళే పని చేయగలుగుతారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పెద్దదిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం దీనికి సాక్ష్యం. ఆయన వృత్తికి ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఆయన భారత జట్టును తీసుకువెళ్ళారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. రహీం జట్టును నిందించి కూర్చోలేదు. ఉన్నవారితోనే మళ్ళీ పని మొదలుపెట్టారు. మన జట్టు థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, దక్షిణ వియత్నాంను దాటి సెప్టెంబరు 4న ఫైనల్ చేరింది. ఎదురుగా అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా 2–1తో బంగారు పతకం మనదైంది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. తనకు మిగిలిన కొద్దికాలాన్ని ఆయన ఫలితం గురించి బెంగపడటానికి కాక, పనికే ఇచ్చారు. కర్మయోగం అంటే మరేమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన మనవాళ్ళ కళ్ళ ముందే ఇలాంటిదే మరొకటి జరిగింది. 2022 నవంబరు 22న ఖతర్ ప్రపంచకప్‌లో సౌదీ అరేబియా తన తొలి మ్యాచ్‌లో అర్జెంటీనాను 2–1తో ఓడించింది. ఆనందం పట్టలేక మర్నాడు సౌదీ ప్రభుత్వం సెలవు ప్రకటించింది. 36 మ్యాచులుగా ఓటమి ఎరుగని అర్జెంటీనా తల దించుకుంది. డిసెంబరు 18న కప్పు ఎత్తింది ఆ అర్జెంటీనాయే. సౌదీ గ్రూపు దశలోనే వెనుదిరిగింది. ఆ సెలవు నాటి సంతోషం అబద్ధమా? ఎంతమాత్రం కాదు. ఆ రోజుకు అది నిండు నిజం. ఆ రోజు సంతోషాన్ని ఆ రోజుకే అనుభవించడంలో దోషం లేదు. రేపటికి పత్రం రాయించుకోబోతేనే దుఃఖం మొదలవుతుంది.

అన్ని కథలూ గెలుపుతో ముగుస్తాయని చెప్పి ఓదార్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ కథ అలా ముగియలేదు. కప్పు గెలిచిన రెండేళ్ళకే, 2023–24 సీజన్‌లో, ఆర్థిక కష్టాల్లో కూరుకుపోయి మళ్ళీ అట్టడుగుకు చేరింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. కోవిడ్ ఏళ్ళలో మ్యాచులన్నీ గోవాలోనే జరగడంతో, తమ జట్టు విజేతగా ఎదుగుతుంటే హైదరాబాద్ అభిమానులు ఎక్కువగా టీవీల్లోనే చూశారు. చివరికి చూడటానికి ఆ జట్టూ మిగల్లేదు. మరి అన్నేళ్ళ ప్రేమ ఏమైనట్టు?

ఈ ప్రశ్నకు రామాయణంలో అయోధ్య ప్రజలు జవాబు చెబుతారు. పట్టాభిషేకం అన్న సాయంత్రం వాళ్ళు వీధులు అలంకరించి పొంగిపోయారు. తెల్లవారితే వనవాసం. రాముడి ముఖంలో మార్పు లేదు. జనం మాత్రం గుండెలు బాదుకుంటూ రథం వెంట తమసా తీరం దాకా నడిచారు. అక్కడ అలసి నిద్రపోయారు. వాళ్ళు లేవకముందే రాముడు వెళ్ళిపోయాడు. వాళ్ళు స్థితప్రజ్ఞులు కారు. రాత్రికీ పగటికీ మధ్య ఆనందం నుంచి ఏడుపులోకి జారినవాళ్ళు. అయినా వాళ్ళ ప్రేమ పద్నాలుగేళ్ళు జారలేదు. ఎదురుగా రాముడు లేకపోయినా రాముడి మనుషులుగానే బతికారు. రాముడి నిబ్బరం అందరికీ సాధ్యం కాకపోవచ్చు. అయోధ్య ప్రజల నిలకడ మనకు అందని పండేం కాదు. మనసు ఊగుతుంది, ఊగనివ్వండి. ప్రేమను మాత్రం ఆ ఊపుకు కట్టకండి.

సారంగాపూర్ మండలం పెంబట్ల–కోనాపూర్‌లో దుబ్బరాజన్న సన్నిధిలో శివరాత్రి జాతరకు వచ్చే జనాన్ని గమనించండి. మొక్కు తీరి బెల్లం పంచేవాళ్ళు కొందరు. ఏళ్ళుగా అడిగింది జరగకున్నా, పిల్లలను చంకనెత్తుకుని అదే వరసలో నిలబడేవాళ్ళు ఇంకొందరు. వేములవాడలో కోడెను పట్టుకుని రాజన్న గుడి చుట్టూ తిరిగేవాళ్ళలోనూ ఈ ఇద్దరూ ఉంటారు. రెండోవాళ్ళను అమాయకులని జాలిపడతాం. నిజానికి వరసలో ముందు ఉన్నది వాళ్ళే. వాళ్ళ రాకకు ఫలితంతో పని లేదు. అడగడం మానలేదు, అలగడమూ లేదు. దేవుడితో వాళ్ళ బంధం ఏ ఒక్క ఏడాది లాభనష్టాల మీదా ఆధారపడి లేదు.

అభిమానికి కూడా ఈ స్థితి సాధ్యమే. ఇంకా చెప్పాలంటే అతనికే తొందరగా సాధ్యం. గోల్ కొట్టేది అతను కాదు. జీతం రాదు, పతకం రాదు, పట్టికలో పేరుండదు. అయినా పరాయివాళ్ళ ఆట కోసం గొంతు పోయేలా కేకవేస్తాడు. స్వార్థం అంత తక్కువగా ఉన్న ప్రేమలు మన జీవితంలో ఎన్ని ఉంటాయి? ఆ ప్రేమలోకి బేరం రాకుండా కాచుకుంటే చాలు, సగం సాధన అయిపోయినట్టే.

అందుకు కొన్ని చిన్న నియమాలు పెట్టుకోవచ్చు. కొత్త సీజన్ మొదటి వారంలో జట్టు మీదా, కోచ్ మీదా తీర్పు చెప్పకుండా ఉండే వ్రతం పట్టండి. ఓడితే బాధపడండి, కానీ ఒక్క ఆటగాణ్ని కూడా తిట్టకండి. అతనికీ ఇంట్లో తల్లి ఉంటుంది. గెలిస్తే గంతులు వేయండి, ఓడినవాళ్ళను ఎగతాళి చేయకండి. మొక్కుకోవాలనిపిస్తే గెలుపు కంటే ముందు ఇరుపక్షాల ఆటగాళ్ళు గాయపడకుండా ఉండాలని మొక్కండి. ఇంట్లో పిల్లవాడు తొలి పరీక్షలో తప్పినప్పుడు, కొత్త కొలువులో కొడుకు తడబడినప్పుడు ఇదే ఓపికను వాళ్ళకూ ఇవ్వండి. ఆట నేర్పిన గుణం ఇంటికి రాకపోతే ఆ కేకలన్నీ గాలిలో కలిసినట్టే. రెండో మ్యాచ్ రోజున, మొదటిది ఎలా ముగిసినా సరే, అదే ఉత్సాహంతో వెళ్ళి కూర్చోండి. ఫలితం అభిమాని చేతిలో ఎప్పుడూ లేదు. వెంట నిలవడం ఒక్కటే అతని చేతిలో ఉంది. దాన్ని కొరత లేకుండా చేయడమే అతని పూజ.