కరణమును కర్తయు

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయము కర్మసిద్ధికి హేతువు లైదని చెప్పుచు, అధిష్ఠానమును, కర్తను, వివిధములైన కరణములను, చేష్టలను, దైవమును ఒకే వరుసలో నిలిపినది. కరణము, అనగా పనిముట్టు, ఊరక చేతికి లోబడిన జడవస్తువు గాక, ఫలమునందు పాలుగల హేతువని యిందువలన తేలుచున్నది. పెన్సిలుతో నారంభించి కంప్యూటరుతో ముగించు నేటి వాస్తువిద్యార్థి యీ విషయమును శ్రద్ధగా విచారింపవలెను.

ట్రేసింగు కాగితముపై మెత్తని పెన్సిలుతో గీచిన గీత నిశ్చయమునకు ముందటిది. గోడ యిచ్చటనా, రెండడుగు లావలనా యను సందేహము నది తనలో నిలుపుకొని, కన్ను తుదకు ఒకదానిని వరించువరకు అన్ని మార్గములను తెరచియే యుంచును. కంప్యూటరు తీరు వేఱు. ఐవన్ సదర్లాండు 1963లో ఎం.ఐ.టి.కి సమర్పించిన స్కెచ్‌ప్యాడను చిత్రణసాధనము మొదలు, 1982లో వెలువడిన ఆటోకాడు మీదుగా నేటివరకు, యంత్రము ప్రతి బిందువునకును నిశ్చితస్థానము నడుగును. అందుచేత పండని యూహ సయితము తెరపై పరిపూర్ణమైనట్లు భాసించి, విచారమును నడుమనే యాపివేయగలదు. అయినను చేయి మాత్రము సత్యసంధమని చెప్పరాదు. కాగితముపై కన్నులపండువుగా నమరిన మెట్లు, ఎక్కువాని తలకు దూలము తగులునను మాటను దాచవచ్చును. యంత్రము ఆ మెట్ల ఛేదచిత్రమును క్షణములో చూపి, మన మోహమును తొలగించును.

రెండు కరణములును కలిసి పనిచేసినదానికి దృష్టాంతముగా, 1997లో స్పెయినుదేశమున బిల్బావోయందు ప్రారంభమైన గుగ్గెన్‌హైము మ్యూజియము, వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ చేతిగీతలనుండియు, చేతితో కూర్చిన నమూనాలనుండియు పుట్టి, విమాననిర్మాణమునకై యేర్పడిన కాటియాయను సాధనముద్వారా కొలతలకు లోబడి, లోహమును శిలయు ధరించి నిలిచినది. విద్యార్థులును ఇట్లే, యంత్రము ముద్రించిన పటముపై ట్రేసింగు కాగితము పఱచి, మరల చేతితో దిద్ది, దిద్దినదానిని మరల యంత్రమునకు ఎక్కింతురు. ఈ రాకపోకలయందే బుద్ధికి పదును కలుగును; ఏలయన ఒక కరణముయొక్క దోషము రెండవదాని వెలుగుననే కానవచ్చును.

తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని భగవద్గీతలోని ఆ యధ్యాయమే హెచ్చరించుచున్నది. కావున హస్తకౌశలమను గర్వమును, యంత్రమే చూచుకొనునను శరణాగతియు రెండును త్యాజ్యములే. ఫలమున కరణములకు పాలున్నను, బాధ్యతలో లేదు. తప్పుగీతవలన చీకటియైన గదిలో జీవితము గడపవలసిన గృహిణికి సమాధానము చెప్పవలసినది పెన్సిలు గాదు, కంప్యూటరు గాదు. కనుక గీచిన ప్రతి గీతయెదుటను, దీనిని నేను వరించితినా, పనిముట్టు నాకు అలవాటు చేసినదా యని ప్రశ్నించుకొనుటయే వాస్తువిద్యార్థికి నిత్యకర్మ. కరణములు పెరిగినకొలదియు కర్తకు మెలకువ పెరుగవలెను.