స్మృతియు అనుభవమును

ఒక వస్తువును ఇప్పుడు ఎదుట చూచి తెలిసికొనుట వేరు, ఎన్నడో చూచినదానిని తలచుకొనుట వేరు. ఈ భేదము పసిపిల్లలకును తెలిసినట్లే తోచును గాని, పెద్దలు దినమునకు ఎన్నిమారులో దీనిని మఱచుచుందురు. మన తార్కికులు జ్ఞానమును విభజింపబూనినప్పుడు మొట్టమొదట గీసిన గీత ఇదియే. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహములో బుద్ధిని స్మృతియనియు అనుభవమనియు రెండుగా విడదీసి, సంస్కారమాత్రముచేత పుట్టునది స్మృతియని నిర్ణయించి, ప్రమ, అనగా యథార్థజ్ఞానము, అను గౌరవపదవిని అనుభవమునకే యిచ్చెను. బాలపాఠముగా చదివి విడుచు ఈ విభాగము ఎంత లోతైనదో తెలియవలెనన్నచో నేటికాలమున తర్కపాఠశాలకే పోనక్కరలేదు. డేటాబేసుతో పనిచేయు ప్రోగ్రాములో దోషము వెదకు మనిషి ప్రక్కన కొంతసేపు కూర్చున్నను తెలియును.

1970లో ఐబీఎం పరిశోధకుడైన ఎడ్గార్ కాడ్, సమాచారమునంతటిని పట్టికలుగా, వానినడుమ సంబంధములుగా భావింపవచ్చునని ప్రతిపాదించెను. నేటి డేటాబేసులలో అత్యధికము ఆ భావనపైననే నిలిచియున్నవి. 1987లో లారీ వాల్ పెర్ల్ భాషను లోకమునకిచ్చెను. పెర్ల్ ప్రోగ్రాము ఏ డేటాబేసుతోనైనను ఒకే తీరున మాటలాడుటకు టిమ్ బన్స్ డీబీఐ అను వంతెనను నిర్మించగా, దానిపై 2005లో మాట్ ట్రౌట్ ఆరంభించిన డీబీఐఎక్స్ క్లాస్ అను లైబ్రరీ వెలసెను. డేటాబేసునకు తెలిసినవి వరుసలు, గడులు మాత్రమే. ప్రోగ్రాము వ్రాయువాడు ఆలోచించునది ఆబ్జెక్టులతో, అనగా గుణములును క్రియలును కలిగిన వస్తువులతో. ఈ రెండు లోకములకు నడుమ నిలిచి, వరుసను ఆబ్జెక్టుగా చేసి చేతికిచ్చుటయు, ఆబ్జెక్టులోని మార్పును మరల వరుసలో వ్రాయుటయు ఇట్టి లైబ్రరీ పని.

ఒక ఉదాహరణమును కల్పించుకొందము. సూళ్లూరుపేటకు తూర్పున పులికాట్ సరస్సు కలదు. శ్రీహరికోటకు పోవు రహదారి ఆ నీటి నడుమగానే సాగును. చలికాలమున ఆ లోతులేని నీటిలో ఫ్లెమింగోలు తలలు వంచి మేయుచుండగా, దొరవారిసత్రము దాపున నేలపట్టులో గూడబాతులు నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచుచుండును. ఈ గూడబాతులలో కొన్నింటి కాళ్లకు సంఖ్యలుగల ఉంగరములు తొడిగి, ఏ పక్షి కడపట ఎచ్చట కనబడెనో పట్టికలో నమోదుచేయు పెర్ల్ ప్రోగ్రాము ఒకటి ఉన్నదనుకొందము. ఒక ఉంగరమునకు ఒక వరుస. ఆ వరుసలో చోటు అను గడి. ఆ గడిలో పులికాట్ అని వ్రాసియున్నది.

ప్రోగ్రాములోని ఒక భాగము ఆ ఉంగరపు సంఖ్యతో వరుసను అడిగి ఒక ఆబ్జెక్టును పొందెను. కొంత తడవునకు మఱియొక భాగము అదే సంఖ్యతో అడిగి వేఱొక ఆబ్జెక్టును పొందెను. రెండింటికి మూలమొక్కటే యైనను డీబీఐఎక్స్ క్లాస్ వానిని ఏకముచేయదు. అడిగినప్పుడెల్ల క్రొత్త ఆబ్జెక్టునే యిచ్చును. రెండవ భాగము, పక్షి నేలపట్టున కనబడినదని విని, తన ఆబ్జెక్టులో చోటును నేలపట్టుగా మార్చి డేటాబేసులో భద్రపఱచెను. మొదటి ఆబ్జెక్టునకు ఈ సంగతి తెలియదు. దాని యెడదలో ఇంకను పులికాటే యున్నది. అటుపిమ్మట పక్షి మరల పులికాటునకు వచ్చినదను వార్త మొదటి భాగమునకు అందెను. అది తన ఆబ్జెక్టులో చోటును పులికాట్ అని వ్రాసి, భద్రపఱచుమని ఆజ్ఞాపించెను. లైబ్రరీ మార్పు జరిగిన గడులను మాత్రమే డేటాబేసునకు పంపును. మార్పు జరిగెనా లేదా యని తేల్చుటకు అది పోల్చునది డేటాబేసులోని విలువతో కాదు, ఆబ్జెక్టు తనలో దాచుకొన్న పాత విలువతో. ఉన్నది పులికాట్, వ్రాయుచున్నది పులికాట్. కావున మారినదేమియు లేదని తలచి అది ఏ ఆజ్ఞయు పంపదు. ఎచ్చటను తప్పు జరిగినట్లు సందేశము రాదు, ప్రోగ్రాము ఆగిపోదు. పక్షి పులికాటులో ఈదుచుండగా పట్టిక మాత్రము నేలపట్టు అనియే చెప్పుచుండును.

ఇట్టి దోషమును చూచినవెంటనే వేదాంతాభ్యాసముగలవాడు బింబప్రతిబింబ న్యాయమును తలచుకొనును. ఒకే చంద్రుడు అనేక జలపాత్రలలో అనేకుడుగా కనబడినట్లు ఒకే వరుస రెండు ఆబ్జెక్టులుగా కనబడినదని చెప్పబోవును. నాకు ఆ ఉపమానము ఇచ్చట చాలదని తోచుచున్నది. నీటిలోని చంద్రుడు ఆకాశములోని చంద్రుడు కదలినంతనే కదలును. బింబమునకును ప్రతిబింబమునకును నడుమ కాలవ్యవధి లేదు. ఈ ఆబ్జెక్టు అట్టిది కాదు. అది ఒకప్పుడు వరుసను చూచినది, చూచినదానిని సంస్కారముగా నిలుపుకొన్నది, ఇప్పుడు ఆ సంస్కారమునుండియే పలుకుచున్నది. అన్నంభట్టు పరిభాషలో చెప్పవలెనన్న అది స్మృతి. పుట్టిననాడు ఆ స్మృతి అబద్ధము కాదు, యథార్థానుభవమునుండి పుట్టినదే. దోషము స్మృతియందు లేదు, స్మృతిని ప్రత్యక్షమని పొరబడినవానియందున్నది. పులికాట్ అని ఆబ్జెక్టు చెప్పినప్పుడు, పక్షి పులికాటులో నున్నదని కాక, నేను చూచిననాడు పట్టికలో అట్లు వ్రాసియుండెనని మాత్రమే దాని తాత్పర్యము.

ఈ లైబ్రరీని నిర్మించినవారు ఈ సంగతి నెఱుగుదురు గనుకనే డిస్కార్డ్ ఛేంజెస్ అను ఒక క్రియను అందులో నుంచిరి. దానిని పిలిచినచో ఆబ్జెక్టు తన పాత తలపును విడిచి, డేటాబేసు నొద్దకు మరల పోయి, వరుసను ఇప్పుడున్నట్లు చూచి వచ్చును. మొదటి భాగము వ్రాయుటకు ముందు ఈ పని చేసియుండినచో దాని చేతిలోని విలువ నేలపట్టు అయి, పులికాట్ అని వ్రాయగానే మార్పు గుర్తింపబడి, పట్టిక సరియగును.

ఐనచో ప్రతి అడుగునను మూలమును మరల చూడవలెనా? అట్లు చేయువాని ప్రోగ్రాము ముందుకు సాగదు. అట్లు జీవించువాని సంసారమును సాగదు. మీమాంసకులకును నైయాయికులకును నడుమ జరిగిన ప్రామాణ్యవాదము ఇచ్చట అక్కరకు వచ్చుచున్నది. జ్ఞానము పుట్టినంతనే స్వతః ప్రమాణమనియు, బాధకము, అనగా దానిని త్రోసివేయు హేతువు, కనబడువఱకు దానిని నమ్మవలసినదే యనియు మీమాంసకుల మతము. జ్ఞానము ప్రమాణమగుటను మఱియొక హేతువుచేతనే, ముఖ్యముగా దానిని నమ్మి చేసిన ప్రవృత్తి సఫలమగుటచేతనే తెలిసికొనగలమని నైయాయికుల మతము. ప్రోగ్రాము వ్రాయునప్పుడు మనిషి మీమాంసకుడై యుండక తప్పదు. దోషము వెదకునప్పుడు నైయాయికుడు కాక తప్పదు. ఈ రెండింటిలో ఏ వేళకు ఏది తగునో ఎఱుగుటయే వివేకమని నా అభిప్రాయము. బాధకము కనబడిన పిమ్మటను మీమాంసకుడుగనే యుండువాడు మొండివాడు. బాధకము లేకున్నను సంశయించుచునే యుండువాడు ఏ పనియు నెఱవేర్పలేడు.

వెదకుటలో అన్నంభట్టు మరల తోడ్పడును. అయథార్థానుభవమును ఆయన సంశయము, విపర్యయము (భ్రమ), తర్కము అని మూడు విధములుగా చెప్పెను. ఆశ్చర్యమేమనగా తర్కమును కూడ అయథార్థములో చేర్చెను. ఏలయన అది లేనిదానిని ఆరోపించి దానినుండి రావలసినదానిని చూపును. నిప్పు లేకున్నచో పొగయు లేకయుండును అనుట అట్టిది. కాని ఈ అయథార్థమే ప్రమాణమునకు తోడైనచో సత్యమునకు చేర్చును. డీబీఐసీ ట్రేస్ అను పరిసరచరమునకు ఒకటి యను విలువ నిచ్చినచో, ఈ లైబ్రరీ డేటాబేసునకు పంపు ప్రతి ఆజ్ఞను తెరపై చూపును. దోషము వెదకువాడు తనలో ఇట్లు తర్కించును: మొదటి ఆబ్జెక్టు వ్రాతపని చేసియున్నచో ఇచ్చట అప్‌డేట్ ఆజ్ఞ కనబడవలెను, కనబడలేదు, కావున వ్రాతపని జరుగలేదు. రాత్రి పొద్దుపోవువఱకు ప్రోగ్రామును మాత్రమే చదువుచు కూర్చున్నవానికి దొరకని సంగతి ఈ ఒక్క అభావదర్శనముచేత దొరకును.

ఇదే కిటికీనుండి చూచినచో మఱికొన్ని దోషములును బయటపడును. రెండువందల పక్షులను తెచ్చి, ఒక్కొక్కదాని దర్శనముల జాబితాను విడివిడిగా అడిగిన ప్రోగ్రాము చూపు ఫలము సత్యమే యైనను, రెండువందల ఒక్క క్వెరీలు తెరపై బారులు తీరును. ప్రీఫెచ్ అను సూచన నొసగి వానినన్నింటిని ఒకేమారు తెప్పించుట దానికి చికిత్స. పెర్ల్‌లోని సందర్భభేదము ఇంకను సూక్ష్మమైనది. సెర్చ్ అను క్రియను ఏకవచన సందర్భమున పిలిచినచో అది డేటాబేసును తాకక, వెదకవలసినదాని వివరణమునే రిజల్ట్‌సెట్ రూపమున చేతికిచ్చును. జాబితా సందర్భమున పిలిచినచో అప్పుడే వెదకి, దొరికిన వరుసలన్నింటిని తెచ్చి కుమ్మరించును. భోజనవేళ సైంధవము తెమ్మన్న ఉప్పును, ప్రయాణవేళ సైంధవము తెమ్మన్న గుఱ్ఱమును తేవలెనని శాస్త్రకారులు ప్రకరణమును గుఱించి చెప్పినది ఈ క్రియకు అక్షరాల చెల్లును. ప్రకరణమెఱుగని ప్రోగ్రామరు ఒక్క వస్తువును ఆశించినచోట పెక్కింటిని పొంది కలతపడును.

ఇట్లు లోపలిదంతయు చూడనిచ్చు సాధనమును తలచినప్పుడు నాకు ఒక గుడి గుర్తుకు వచ్చును. సూళ్లూరుపేటలో కాళంగి నది ఒడ్డున వెలసిన చెంగాళమ్మ పరమేశ్వరి గుడికి తలుపులు లేవు; భక్తునకును తనకును నడుమ తలుపు వలదని అమ్మవారే స్వప్నమున చెప్పెనని స్థలపురాణము. నాటినుండి నేటివఱకు పగలును రేయియు అమ్మ దర్శనము తెఱచియే యుండును. శ్రీహరికోటలో రాకెట్టు ప్రయోగమునకు ముందు అంతరిక్ష పరిశోధన సంస్థ పెద్దలు ఈ గుడికి వచ్చి మ్రొక్కుట లోకమెఱిగినదే. నేను ఈ కథను కేవలము భక్తితోనే కాక విచారదృష్టితోను స్మరింతును. మనకును మూలమునకును నడుమ మధ్యవర్తి యుండుట దోషము కాదు. గర్భగుడి యుండవలెను, అర్చకుడుండవలెను. అయితే చూడగోరినవానికి ఎన్నడును అడ్డు నిలువని మధ్యవర్తియే ఉత్తముడు. ట్రేస్ ద్వారా తన వెనుక జరుగుదానినంతయు చూడనిచ్చు లైబ్రరీయు ఈ కోవలోనిదే. లోపల జరుగునది చూపక, అంతయు సవ్యమనుచుండు సాధనము ఎంత సౌకర్యముగా నున్నను ప్రమాదకరము.

ఆ శ్రీహరికోటయందే 1993 సెప్టెంబరు 20న పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు తొలి ప్రయోగము విఫలమాయెను. రెండవ దశ వేరుపడు వేళ కలిగిన కుదుపుతో, దిశానియంత్రణ గణనలో అంతవఱకు దాగియున్న ఒక సాఫ్ట్‌వేర్ దోషము బయటపడి, రాకెట్టు ఉపగ్రహముతో సహా సముద్రమున పడిపోయెను. నేలపై జరిగిన పరీక్షలన్నియు అప్పటికి బాధకమేదియు చూపలేదు. శాస్త్రజ్ఞులు కారణమును వెదకి, దోషమును సరిదిద్ది, 1994 అక్టోబరు 15న రెండవమారు ప్రయోగించి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిరి. సఫలప్రవృత్తిచేతనే ప్రామాణ్యము తెలియునన్న న్యాయమతమునకు శ్రీహరికోట తీరమున ఇంతకంటె గొప్ప దృష్టాంతము నాకు తెలియదు.

విచారము ఇచ్చటితో ముగియదు. ఆబ్జెక్టు స్మృతియనియు వరుస మూలమనియు ఇంతవఱకు చెప్పితిమి. మఱి ఆ వరుస మాత్రము ఏమి? అదియు ఒకానొకనాడు ఒక మనిషి ఒడ్డున నిలిచి, ఉంగరమును చూచి, వ్రాసికొన్న స్మృతియే. ఆబ్జెక్టునకు వరుస ఎట్టిదో వరుసకు పక్షి అట్టిది. డిస్కార్డ్ ఛేంజెస్ మనలను డేటాబేసు వఱకే చేర్చును. అటుపై పులికాట్ ఒడ్డునకు కాలినడకనే పోవలెను. ఈ రెండవ మెట్టును మఱచినవారే నేడు ఎక్కువ. ఒక వృద్ధురాలు కౌంటరు ఎదుట నిలిచి నేను బ్రతికియున్నానని చెప్పుచుండగా, కంప్యూటరులో అట్లు లేదమ్మా యని బదులు చెప్పు గుమాస్తా చెడ్డవాడు కానక్కరలేదు. స్మృతిని అనుభవముకంటె పై పీఠమున కూర్చుండబెట్టినవాడు, అంతియే. కేంద్రప్రభుత్వ పింఛనుదారులు ఏటేట నవంబరులో జీవన ప్రమాణపత్రము సమర్పించు ఏర్పాటు, పట్టిక తనంతట తాను సత్యము కాదనియు దానిని జీవించియున్న మనిషితో మరల పోల్చుచుండవలెననియు అంగీకరించుటయే. ఆ అంగీకారము మంచిది. కాని దానికై కదలవలసినది మంచముపట్టిన వృద్ధుడు కాదు, పట్టికను కాపాడువాడే.

పట్టికలు లేని లోకమును నేను కోరను. స్మృతి లేని మనిషివలె పట్టికలు లేని సమాజమును నిలువలేదు. నేను కోరునది ఒక్కటే. పట్టికకును ఎదుటనున్న ప్రాణికిని మాట కుదరనప్పుడు, దోషము పట్టికలో నున్నదేమో యని మొదట వెదకవలెను, ప్రాణియందు పిమ్మట. ప్రోగ్రాములు వ్రాయు యువకులారా, కచేరీలలో వానిని నడుపు ఉద్యోగులారా, మీరు కట్టు ప్రతి వ్యవస్థలోను మూలమును మరల చూచుటకు ఒక దారి నుంచుడు. ఆ దారిని వాడుటకు అధికారము కౌంటరు దగ్గర కూర్చున్నవానికి కూడ నిండు. అది లేని వ్యవస్థ ఎంత వేగముగా పనిచేసినను నమ్మదగినది కాదు.